రోజూ దాన్ని నడిపించింది నువ్వే

రహీమన్నా,

ఖబరస్తాన్‌లో నిన్ను మట్టి చేసి వచ్చిన మర్నాడే మన మండలాఫీసు కంప్యూటర్ కరువు సాయం అందాల్సిన రైతుల జాబితా చూపించడం మానేసింది. "ఏమప్పా, మా పేర్లు యాడికి పోయినాయి?" అని ఉరవకొండ రైతులు నన్ను నిలదీశారు.

మూడో రోజు హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చాడు. జాబితా కనబడాలంటే రికార్డుల ప్రోగ్రాం తెరవెనక నడుస్తూనే ఉండాలట. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాన్ని మనిషే మళ్లీ మొదలుపెట్టాలట. మన దగ్గర రోజూ రాత్రి కరెంటు పోయేదే కదా. "ఇన్నాళ్లూ ఎవరు పెట్టేవాళ్లు?" అని అడిగాడు. "వానికేం పనప్పా, అంతా మిషనే చేస్తాండాది" అని నిన్ను ఎగతాళి చేసిన ఆఫీసరు ఫోను తీసుకుని బయటికి వెళ్లాడు. జ్వరంతోనూ నువ్వు అందరికన్నా ముందొచ్చేది ఇందుకని నాకూ అప్పుడే తెలిసింది.

అది దానంతటదే మొదలయ్యేలా చేయించమని నువ్వు పెట్టుకున్న అర్జీ ఫైల్లో దొరికింది. అడుగున ఆఫీసరు చేతిరాత: "అవసరం లేదు. రహీము ఉన్నాడు కదా."