నేను చదివిన చీటీ

బందరు,
16-2-1958

శ్రీవారికి,

ప్రభువు కృప మీకు తోడుగా ఉండాలని కోరుతూ, మీ దయామణి నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ అత్తయ్యగారూ కులాసాగానే ఉన్నాం. ఆ భద్రాచలం అడవిలో మీరూ అలాగే ఉన్నారని నమ్ముకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

మీ ఉత్తరం మంగళవారం చేరింది. నాలుగుసార్లు నేను చదువుకుని, అయిదోసారి అత్తయ్యగారికి చదివి వినిపించాను, మధ్యలో రెండు వాక్యాలు మింగేసి. అలాంటివి రాసేటప్పుడు మీ అమ్మగారు కూడా వింటారని కాస్త గుర్తుంచుకోండి. ఇక మీరు అడిగినవి. సైకిలు అమ్మలేదు, వారం వారం తుడిచి పెడుతున్నాను. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గింది గానీ ఆవిడ ఒప్పుకోరు. గిలకలదిండి నుంచి ఎండు రొయ్యలు తెప్పించాను, అటు వచ్చేవాళ్ళెవరైనా దొరికితే పంపిస్తాను. బాగా చిక్కిపోయావా అని అడిగారు. అయిదేళ్ళలో మూడుసార్లు చూసిన మనిషికి ఏమని చెప్పను? వచ్చి చూసుకోండి అని రాయబోయి ఆగిపోయాను.

ఎందుకు ఆగానంటే, నాగాయలంక డిస్పెన్సరీలో కాంపౌండరు ఉద్యోగం సంగతి ఒక్క ముక్కలో రాయమన్నారు కదా. ఒక్క ముక్కలో అయితే, మీకు రాలేదు. మాణిక్యానికి వచ్చింది. మీ పక్క ఊరి డిస్పెన్సరీలోనే ఉన్నాడు కనుక ఈపాటికి అతనికీ కబురు అంది ఉంటుంది. నాగాయలంక అయితే శనివారం వచ్చి సోమవారం వెళ్ళేవారు. నేను వారాలు కూడా లెక్కపెట్టుకున్నాను. ఏడాదికి యాభై రెండు శనివారాలు.

మొన్న గురువారం కమిటీ కూర్చుంది. మిషను దొరలు ఇంగ్లండు వెళ్ళిపోతూ ఈ ఆంగ్లికన్ సేవా సంఘాన్ని మా ఏడుగురి చేతుల్లో పెట్టి వెళ్ళారు గానీ, ఏడుగురం ఒక మాట మీద ఉండడం ఎలాగో చెప్పలేదు. మీ పేరు చర్చకు వస్తుంది కనుక నన్ను వరండాలో కూర్చోమన్నారు. కిటికీ తెరిచే ఉంది. ప్లీడరు వెంకట్రామయ్యగారు, "అయిదేళ్ళు అడవిలో చేశాడండీ, ఇంకెన్నాళ్ళు చెయ్యమంటారు?" అని మీ తరపున గట్టిగానే మాట్లాడారు. బంటుమిల్లి యలమందగారు మొదటి ప్రార్థనకు మూసిన కళ్ళు చర్చ సగమయ్యాక తెరిచి, "మాణిక్యానికి తల్లి లేని పిల్లుందండీ. ఆ పిల్ల మొహం చూడరా?" అన్నారు. చివరికి మీకు ముగ్గురు, అతనికి ముగ్గురు.

అలా సమానమైతే మావాళ్ళు వాదించుకోరు. అపొస్తలులు చేసినట్టే మోకరించి ప్రార్థన చేసి చీట్లు వేస్తారు. అధ్యక్షులు జ్ఞానశిఖామణి అయ్యగారు ఒకటి తీస్తారు. తీయని రెండోదాన్ని విప్పకుండానే కొవ్వొత్తికి పెట్టి కాల్చేస్తారు, దేవుడు వద్దన్న పేరును మనుషులు చూడకూడదని. అయ్యగారికి ఇప్పుడు రెండు కళ్ళకూ శుక్లాలు. తీసిన చీటీ పట్టుకుని నన్ను లోపలికి పిలిపించారు. ప్లీడరుగారు అడ్డొచ్చారు.

"ఆవిడ భర్త పేరుంది కదండీ అందులో!"

"అందుకేనయ్యా ఆవిడ చదవాల్సింది. అతని పేరు రాకపోతే మనమేదో చేశామన్న అనుమానం ఆవిడకు ఉండదు," అన్నారు అయ్యగారు.

నేను విప్పి, మాణిక్యం అని చదివాను. అందరూ ఆమెన్ అన్నారు. ప్లీడరుగారు, "మీకు చేతులెత్తి మొక్కాలమ్మా," అన్నారు. చీటీ పిడికిట్లోనే పెట్టుకుని ఇంటికొచ్చి పడుకున్నాను.

ఏమండీ, ఆ చీటీలో ఉన్నది మీ పేరు.

కోపం రానివ్వండి, కానీ మిగతాది కూడా చదవండి. కిందటి నెల సంఘం తరపున తనిఖీకి గుడివాడ హాస్టలుకు వెళ్ళాను. ఎప్పటిలాగే పిల్లల తలలు చూసి, ఎవరికేం కావాలో పుస్తకంలో రాసుకుంటున్నాను. ఒకరు సబ్బన్నారు, ఒకరు కొబ్బరి నూనె అన్నారు. మాణిక్యం కూతురు కరుణ వంతు వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. "మా నాన్న గొంతు మర్చిపోయానండీ, రాసుకోండి," అంది. నేను రాయలేదు. అలాంటివి ఇందులో రాయకూడదమ్మా అని చెప్పి పక్క పిల్ల దగ్గరకు వెళ్ళిపోయాను. చీటీలో మీ పేరు చూడగానే నాకు కలిగినంత సంతోషం ఈ అయిదేళ్ళలో కలగలేదు. నోరు తెరిస్తే మాత్రం ఇంకో పేరు వచ్చింది. అంతకు మించి నాకూ తెలియదు. త్యాగం గీగం అని మాత్రం అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

దేవుడిచ్చిన జవాబును మార్చేశానన్న భయంతో నిన్న అయ్యగారి దగ్గరకు వెళ్ళి చెప్పేశాను. ఆయన, "నువ్వు ఇచ్చేసింది నీ సొత్తు కాదు తల్లీ, నీ భర్త వంతు. ముందు అతనికి రాయి. అతను కావాలంటే కమిటీని మళ్ళీ పిలుస్తాను, అందరి ముందూ ఒప్పుకుందువు గాని. అతను వదిలేస్తే నేనూ వదిలేస్తాను," అన్నారు. మాణిక్యం మార్చి పదిహేనున బయలుదేరాలి. చీటీ ఈ కవరులోనే పెడుతున్నాను.

మీరేం చేస్తారో నాకు తెలుసు. ఆ చీటీ చింపేసి, మాణిక్యం పెట్టె మీరే మోసుకెళ్ళి బస్సెక్కిస్తారు. మీ మంచితనం నాకు కొత్త కాదు. ఈ ఒక్కసారికి దాన్ని పక్కన పెట్టలేరా? చేసిందంతా నేను చేసి ఈ మాట అడగడానికి సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను. మీరు రావాలండీ. కమిటీ ముందు తల దించుకోమంటే దించుకుంటాను, ఆ పిల్లకు మొహం చూపించలేకపోతే హాస్టలుకు వెళ్ళడం మానేస్తాను. చీటీ చింపినా సరే, చింపే ముందు నీ దగ్గరకు రావాలని ఉందని ఒక్క ముక్క మీ చేత్తో రాసి పంపండి. ఎన్నేళ్ళయినా దాన్ని పట్టుకుని ఉండగలను.

ఇట్లు,
మీ వంతు మీ చేతికే తిరిగి పంపుతున్న
మీ భార్య,
దయామణి