మంచులో రాని ఆయాసం

భీమవరం,
డిసెంబరు 2003.

చిరంజీవి శ్రీనివాసరాజుకు అన్నయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మీ వదినా, పిల్లలూ, నేనూ కులాసాగానే ఉన్నాం. కాకినాడలో మీ అత్తవారింట నువ్వూ, పురిటికి వెళ్ళిన మరదలు భానుశ్రీ కూడా క్షేమమని తలుస్తాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. పెద్ద చెరువులో రొయ్య బాగానే ఎదుగుతోంది. నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ మోటారు బాగు చేయించాం. కాపలా రాజరత్నం కూతురి పెళ్ళి చేసి పనిలోకి వచ్చేశాడు.

నా మందు గురించి అడిగావు. వానాకాలంలో జగన్నాథరావు డాక్టరు గారు మార్చి ఇచ్చినది రెండు మందులు కలిపిన ఇన్‌హేలర్, క్యాప్సూల్‌లోని పొడిని గొట్టంలో వేసి పీల్చాలి. ఒకటి ఊపిరి గొట్టాలను తెరుస్తుందట, రెండోది లోపలి వాపును తగ్గిస్తుందట. బాగున్నా బాగోలేకపోయినా ఉదయం, సాయంత్రం పీల్చి నోరు పుక్కిలించాలి. మొదట్లో ఆ క్యాప్సూల్‌ని పీల్చే గొట్టంలో వెయ్యకుండా మంచినీళ్ళతో మింగేశాను. గుణం కనిపించడం లేదని వెళ్తే ఆయన, "ఆయాసం మీ కడుపుకి కాదండి రాజుగారూ, ఊపిరితిత్తులకి" అన్నారు. మీ వదిన ఇప్పటికీ తలుచుకుని నవ్వుతుంది. నోట్లో పెట్టుకునేది ఎంగిలి అని, దాన్ని దేవుడి గూటికి దూరంగా పళ్ళపొడి పక్కన పెట్టింది. పళ్ళు తోముకున్నప్పుడల్లా కనిపించి నాకు మరపు లేకుండా పోయింది.

ఇక అసలు సంగతి. నీ పాత కంపెనీవాళ్ళు మళ్ళీ పిలిచారనీ, నా ఆయాసం తగ్గకపోతే రానని చెప్పేస్తాననీ రాశావు. అప్పుడు నిన్ను ఆ ఉద్యోగం మాన్పించిందీ నా ఆయాసమే. పొద్దుటి మంచులో చెరువు గట్టు మీద నిలబడలేనని నేనంటే, మారు మాట్లాడకుండా వచ్చేశావు.

తమ్ముడూ, దీపావళి నుంచి నాకు ఒక్కసారి కూడా పిల్లికూతలు రాలేదు. కావాలనే నీకు చెప్పలేదు. బాగున్నానంటే వెళ్ళిపోతావని భయం వేసింది. చెరువుల పని నాకు చేతకాదు. ఆయాసం ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

మొన్న ఆదివారం మంచు దట్టంగా పట్టి ఉండగా గట్టు మీదికి వెళ్ళాను. రాజరత్నం కంగారుపడిపోయాడు.

"మీకు మంచు పడదు గదండీ! చిన్నరాజుగారికి తెలిస్తే నన్ను తిడతారండి."

నేను వినకుండా చెరువు చుట్టూ తిరిగాను, మేత చల్లాను. దగ్గు వస్తే బాగుండునని ఎదురుచూశాను. నిజంగా ఎదురుచూశాను. రాలేదు. మేత మాత్రం ఎక్కువ చల్లేశానని రాజరత్నం అన్నాడు.

జబ్బు నయమైందని అనుకోకు. "ఇది అదుపులో ఉండటమేనండి, బాగుందని మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది" అని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మానను. మేత ఏ వేళకి ఎంత వెయ్యాలో, నీళ్ళు ఎప్పుడు మార్చాలో నువ్వు వివరంగా రాసి పంపు. ఈ వయసులో నేర్చుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా నేర్చుకుంటాను.

కంపెనీకి వస్తున్నానని ఇవాళే రాసెయ్యి. నా ఆరోగ్యం గురించి మళ్ళీ అడగొద్దు. అడిగితే ఆయాసంగా ఉందని రాసేస్తానేమో.

ఇట్లు,
నీ అన్నయ్య
ఆంజనేయరాజు