పోలమ్మకు పట్టినది

గుడ్‌ల్యాండ్స్, మే 1961

చిరంజీవి తమ్ముడు కృష్ణస్వామికి,

అక్క ఈశ్వరమ్మ దీవెనలు. అందరం బాగున్నామని రాద్దామనే కూర్చున్నాను. కాని బాగా లేము.

నీ మేనకోడలు పోలమ్మ చేతులు కడుగుతోంది. మంచిదే కదా అంటావు. కడిగిన చేతులే మళ్ళీ కడుగుతోంది. వేళ్ల సందుల్లో తోలు ఊడి నెత్తురు వస్తున్నా ఆపదు. తలుపు గడియ వేసి వెళ్తుంది, వెనక్కి వచ్చి తడుముతుంది. నిన్న వెనక నిలబడి చూశాను. తల ఎడమకు వంచి, మోచేతులు పైకెత్తి, పెదవులతో ఏదో గొణుక్కుంటూ కడుగుతోంది. అచ్చం మన అమ్మే. అమ్మ పోయాక పుట్టిన పిల్లకు ఆ తీరు ఎవరు నేర్పారు?

నువ్వు పిచ్చాసుపత్రిలో నర్సువి కదా. దయ్యాలకు అక్కడ మందుందేమో కనుక్కుని రాయి.

ఇట్లు నీ అక్క.

తా.క.: మేము ఇన్ని సబ్బులు కొనడం చూసి, కొట్టు బాలయ్య మా ఇంట్లో పెళ్లెప్పుడని అడిగాడు.

*

అక్కయ్యకు నమస్కారాలు.

అది దయ్యం కాదు, జబ్బు. మా డాక్టర్ రోజర్ గారిని అడిగాను. చెయ్యి శుభ్రమైందని కంటికి తెలుసు. మెదడులో "ఇక చాలు" అనే మాట మాత్రం పలకదు. కడిగితే భయం కాసేపు తగ్గి, మళ్లీ ఊరుతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది రక్తంలోనే వస్తుందట. అమ్మకూ ఇదే ఉండి ఉంటుంది. మనం చాదస్తం అనుకున్నాం.

పిల్లను తిట్టకండి. ఇక్కడికి తీసుకురా.

నీ తమ్ముడు కృష్ణస్వామి.

తా.క.: డాక్టరు గారు నా చేతులు కూడా చూశారు. బాగానే ఉన్నాయన్నారు. ఆ తర్వాత ఎందుకో వెళ్లి కడుక్కొచ్చాను.

*

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. రక్తంలో ఉందన్నావు కదా, రక్తశుద్ధికి వేపాకు కషాయం పోశాం. పిల్ల కక్కింది. కక్కి చేతులు కడుక్కుంది.

మెదడు చాలు అనడం లేదన్నావు. దాని బదులు మేమే అంటున్నాం. మొదటిరోజు నేను అనగానే ఆపింది. ఎంత సంతోషించానో. తర్వాత నా ఒక్కదాని మాట సరిపోలేదు, వాళ్ల నాన్న కూడా అనాలంది. ఆయన చెరకు నరకడానికి వెళ్లబోతూ కుళాయి దగ్గర నిలబడి అంటున్నాడు. క్రియోల్‌లో చెబితే బాగా పనిచేస్తుందేమోనని పక్కింటి జీనెట్ కంచె మీదుగా "అసే, పోలమ్మా, అసే" అంటూ అదే చాలు చెబుతోంది. ఎవరి గొంతు కాస్త తేడాగా ఉన్నా మళ్లీ మొదటినుంచి కడగాలి.

నిన్న వంటింట్లో ఎవరో మెల్లగా "చాలు, చాలు" అంటున్నారు. చుట్టూ చూశాను. నేను తప్ప ఎవరూ లేరు. అంటున్నది నా నోరేనని కాసేపటికి గాని తెలియలేదు.

ఇక ఆగలేం. టేర్ రూజ్ ఊరి నుంచి మంత్రాల రంగయ్య గారిని పిలిపిస్తున్నాం.

నీ అక్క.

తా.క.: దిష్టి తీయడానికి తెచ్చిన నిమ్మకాయలు కూడా పిల్ల కడిగేసింది.

*

అక్కా,

ఆ మాట వెంటనే మానండి. మీరు చాలు అన్న ప్రతిసారీ అది ఇంకోసారి చేతులు కడుక్కున్నట్టే. జబ్బుకు మీరే మేత వేస్తున్నారు.

ఐరోపాలో మొదటి పెద్ద యుద్ధం రోజుల్లో ఒక మెదడువాపు జ్వరం వచ్చిందట. దాన్నుంచి బతికినవాళ్లలో కొందరికి ఇలాంటి పనులే పట్టుకున్నాయట. వాళ్ల మీదకు మన అమ్మ దయ్యమై వెళ్లలేదు కదా. మూలం మెదడులోనే ఎక్కడో ఉందని డాక్టరు గారి ఊహ. పూర్తిగా ఆయనకూ తెలియదు. నయం చేస్తానని మాటివ్వలేను, చూస్తాను అన్నారు.

ఇంతకీ నీ భయమేమిటని పిల్లను ఎవరైనా అడిగారా?

కృష్ణస్వామి.

తా.క.: రంగయ్య వేపమండ ఎత్తితే నువ్వు గరిటె ఎత్తు. దాని దెబ్బ నాకింకా గుర్తే.

*

తమ్ముడికి,

నీ ఉత్తరం కంటే ముందే రంగయ్య గారు వచ్చారు. కర్పూరం వెలిగించి "ఎవరు నువ్వు? పేరు చెప్పు" అన్నారు.

"పోలమ్మనే తాతా. నాలో ఎవరూ లేరు. ఉంటే బాగుండేది, వెళ్లిపొమ్మని బతిమాలేదాన్ని."

"మరెందుకు కడుగుతావు?"

"నా చేతి విషం అన్నంలో పడి నాన్న చచ్చిపోతాడనిపిస్తుంది. విషం లేదని తెలుసు. తెలిసినా అనిపిస్తుంది."

గుమ్మంలో నిలబడి మీ బావ అదంతా విన్నాడు.

కర్పూరం ఆరిపోయింది. రంగయ్య గారు శాలువా కిందినుంచి చేతులు తీసి పిల్ల ముందు పెట్టారు. వేళ్ల సందుల్లో తోలు లేదు తమ్ముడూ.

"నాకూ ఇదే బిడ్డా, పెళ్లికి ముందునుంచీ. పూజ చేసేవాణ్ని కదా, నన్ను మడి మనిషన్నారు. నిన్ను దయ్యమన్నారు."

మరునాడు నీ ఉత్తరం అందింది, ఆయనకు చదివి వినిపించాను. విని, పిల్లాడిలా అడిగారు: "ఆ డాక్టరు నన్ను కూడా చూస్తాడామ్మా?"

మధ్యాహ్నం మీ బావ పోలమ్మనే అన్నం కలిపి పెట్టమన్నాడు. అది కలిపి పెట్టింది. ఆయన తిన్నాడు. తిన్నంతసేపూ అది ఆయన గొంతుకేసే చూస్తూ కూర్చుంది. మేమెవరం చాలు అనలేదు.

ఈ రోజే బయలుదేరుతున్నాం. ఒక్కరికి కాదు, ఇద్దరికి చోటు చూడు.

నీ అక్క ఈశ్వరమ్మ.

తా.క.: మొదటి బస్సు పోయింది. పోలమ్మ గడియ చూసొస్తానని వెనక్కి వెళ్లింది, నేనూ ఒకసారి అంటూ రంగయ్య గారు వెళ్లారు. ఈ ఉత్తరం రెండో బస్సు నడిపే మార్సెల్ చేతికిస్తున్నాను, మాకంటే ముందు చేరుతుంది. ఇక్కణ్నుంచి కనబడుతున్నారు, మా ఇంటి తలుపు ముందు ఇద్దరూ ఒకేలా తల వంచుకుని. "చాలు" అనేస్తానేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.