బిక్కి చెక్క గరిటె

ఫిబ్రవరి 9
ఆత్మకూరులో దిగాను. ఉదయగిరి బస్సు ఇంకా రాలేదు. నెల్లూరికి చెక్క గరిటెలు అమ్మడానికి పోయేటప్పుడు అమ్మ ఈ బస్టాండులోనే నన్ను గరిటెల సంచి మీద కూర్చోబెట్టి సోడా తాగించేది. గుచ్చుకుంటోందని నేను, కదలొద్దని అమ్మ... ఆ సోడా బండి ఇప్పుడు లేదు. యూనివర్సిటీలో ప్రకృతి వనరుల సంరక్షణ చదివే మనిషిని, సోడా బండి కోసం దిగులు పడుతున్నాను.

ఫిబ్రవరి 10
నిన్న పొద్దుపోయాక ఇల్లు చేరాను. గుమ్మంలోనే చెక్కపొట్టు వాసన. ప్రాణం లేచొచ్చింది. అమ్మ కాళ్లు చాపుకుని, గరిటె కోసం బిక్కి చెట్టు కొమ్మను ఆకురాయితో రుద్దుతోంది. "చిక్కిపోయినావేంది" — తలెత్తకుండానే.
ప్రాజెక్టుకి మా కొండే ఇచ్చారు సారు. నరికిన చెట్లు మళ్లీ చిగురిస్తున్నాయా లేదా, అంతే. "మీ ఊరే కదమ్మా, సులువు."

ఫిబ్రవరి 11
కొండెక్కాను. వాగు దాటాక ఆ చోటు. చిన్నప్పుడు అమ్మ కొమ్మలు కొడుతుంటే నేను మోపుకి కాపలా. బిక్కి పూలు కోసి నా జడలో పెట్టేది.
అన్నీ మోళ్లే. మోకాలెత్తున, ఏటవాలుగా. అమ్మ కత్తి దెబ్బ నాకు తెలియదా. ఒక్కదానికీ చిగురు లేదు.
కొలత టేపు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఫిబ్రవరి 12
ఏమీ రాయబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 13
సారు ఫోను. "కొన్నేళ్లు నరకడం ఆపాలని రాయమ్మా. రిపోర్టు ఫారెస్టు ఆఫీసుకి పోతుంది." నిజమే. ఆపకపోతే బిక్కి మిగలదు. ఆపితే అమ్మకి పని ఉండదు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఎంత హాయిగా రాసేదాన్నో.

ఫిబ్రవరి 14
అన్నం దగ్గర అడిగాను, వాగు పక్కవి చిగురించలేదేమమ్మా అని.
"అప్పట్లో వచ్చేయి. వాన పడితే చాలు. ఇప్పుడు కొమ్మల కోసం ఇంకా పైకి పోతా ఉండాము." గిన్నె నా వైపు జరిపి — "కూర ఏసుకో."
నాకు ఆ పాత కొండ కావాలి. పూలతో సహా. కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు.

ఫిబ్రవరి 15
రిపోర్టు రాశాను. ఆపాలనే రాశాను. ఇంకా పంపలేదు.
రేపు పొద్దున్నే బస్సు. అమ్మ నా సంచిలో కొత్త గరిటె పెట్టింది — సారుకట. సన్న కాడ, చివర చెక్కిన ఆకు. తెల్లటి బిక్కి.
"మన కొండ గురించి రాసినావా?"
రాసినాను అన్నాను.
"మా గురించి?"
జిప్పు పట్టడం లేదని సంచి మీదికి వంగాను. జిప్పు బాగానే ఉంది.