కారణం అన్న గడి

బుధవారం, రాత్రి

మూడేళ్ళుగా ఇంజనీరింగ్ పిల్లలకు జావా ప్రోగ్రామింగ్ పాఠాన్ని పుస్తకం చూసి చదివి వినిపిస్తున్నాను. ఇక సిగ్గేసి, కాలేజీలో ఎవరికీ చెప్పకుండా ఈ సాయంత్రం అమీర్‌పేటలో ఒక జావా కోర్సులో చేరాను.

అక్కడి ల్యాబులో నా ప్రోగ్రాం ఎంతకీ నడవలేదు. సాయం చేయడానికి వచ్చిన అమ్మాయిని చూడగానే గుర్తుపట్టాను. సునీత. బాగోగులు చూడమని కాలేజీ నాకు అప్పగించిన కౌన్సెలింగ్ పిల్లల్లో ఒకతె. హాజరు చాలలేదని రెండేళ్ళ క్రితం నేనే సంతకం పెట్టి, పరీక్షలు రాయనివ్వకుండా డిటైన్ చేయించాను. ఆ తర్వాత తను మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదు.

"నువ్విక్కడేంటమ్మా?"

"అప్పుడు మీ క్లాసు టైముల ఈడికే వస్తుంటి మేడమ్. ఇప్పుడు ల్యాబు చూసుకుంటున్న. డిగ్రీ లేదు గద, కంపెనీలోళ్ళు ఇంటర్వ్యూకు పిలుస్తలేరు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీ క్లాసు అర్థమైతలేదని మీకెట్ల చెప్త మేడమ్?"

కోపంగా అన్నా బాగుండేది. తెర మీద నా తప్పు ఎక్కడుందో వేలితో చూపించి, "ఫికర్ చేయకుండ్రి, మొదట్ల అందరికి గిట్లనే వస్తది" అంది.

పంజాగుట్ట దాకా నడిచే వచ్చాను. బస్సు ఎక్కబుద్ధి కాలేదు. కౌన్సెలింగ్ రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఎదురుగా 'కారణం' అన్న గడిలో 'చదువు మీద శ్రద్ధ లేదు' అని రాసింది నేనే. పిలిచి ఒక్క మాట అడగలేదు. ఆ రోజు అందరి గడులూ గంటలో నింపేసి, పనైపోయిందని టీ తాగాను.

రేపు మళ్ళీ ఆ ల్యాబుకే వెళ్ళాలి. నన్ను మేడమ్ అనకుండా ఉంటే బాగుండు.