టోకెన్ నంబరు మూడు లక్షలు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.
మా పళ్ళ డాక్టరుగారి వెయిటింగ్ హాల్లో టోకెన్ల బోర్డుకి ప్రోగ్రామ్ నేనే రాశానుగా. అంతా బాగుంది గానీ, ఈ పాత కంప్యూటర్లో పొద్దున్నే పేషెంట్ల జాబితా తయారవడానికి పావుగంట పడుతోంది. నువ్వు పనిచేసేది కంపైలర్ల కంపెనీలోనే కదా, ఏదన్నా ఉపాయం చెప్పు.
ఇట్లు,
మామయ్య, కాంపౌండరు
తా.క.: బోర్డు పీకేసి మళ్ళీ నన్నే నంబర్లు పిలుస్తూ గొంతు చించుకోమంటున్నారు డాక్టరుగారు.

మామయ్యకు నమస్కారాలు.
నువ్వు రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. అందులో ఆప్టిమైజేషన్ అని ఒకటుంటుంది, ఆన్ చెయ్యి. లూపులో, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే భాగంలో, ప్రతిసారీ చేస్తున్న ఒకే లెక్కని బయటికి తెచ్చి ఒక్కసారే చేస్తుంది. దండగ పనులు తీసేస్తుంది.
నీ మేనకోడలు
తా.క.: అత్తయ్య చెప్పే పనులకి ఇది వర్తించదు.

అమ్మాయీ,
జాబితా చిటికెలో వచ్చింది. ఆ సంబరంలో ఉండగానే ఒకటి నుంచి నలభై దాకా టోకెన్లన్నీ రెప్పపాటులో బోర్డు మీద పరిగెత్తాయి! "నా నంబరొచ్చింది" అంటూ నలభైమందీ ఒకేసారి లోపలికి జొరబడ్డారు. డాక్టరుగారు స్టూలెక్కి నిలబడ్డారు. టోకెన్‌కీ టోకెన్‌కీ మధ్య పది నిమిషాలు ఆగాలని, మూడువందల కోట్ల దాకా ఊరికే లెక్కపెట్టే లూపు పెట్టాను. అదేమైంది?
మీ మామయ్య
తా.క.: భార్యకి తోడొచ్చిన ఒకాయన తోపులాటలో డాక్టరుగారి కుర్చీలో పడ్డాడు. పుచ్చిపన్ను ఆయన నోట్లోనే దొరికింది.

మామయ్యా,
నీ లూపు లెక్కపెడుతుందే గానీ, ఆ లెక్కని ఎవరూ వాడరు. అందుకే కంపైలర్ తీసిపారేసింది. ఆ లెక్క ఎక్కడన్నా కనబడితే ఉంచుతుంది. కానీ అసలు పద్ధతి కంప్యూటర్లో ఉండే గడియారం చూసి ఆగమనడం. వివరంగా మళ్ళీ రాస్తాను, తొందరపడకు.
ఉంటాను,
మేనకోడలు
తా.క.: తొందరపడకు.

అమ్మాయీ,
తొందరపడ్డాను. ఆ లెక్కని బోర్డు మీదే కనబడేలా చేశాను. పది గంటలకి "మూడు లక్షలు" అని పడింది. "అమ్మో, మనకి ముందు మూడు లక్షలమందా!" అని హాలంతా ఖాళీ అయిపోయింది. లూపులు పీకే ఆ తెలివైనవాడెవడో కనబడనీ, మత్తు ఇంజెక్షన్ లేకుండా వాడి పళ్ళు పీకిస్తాను.
కోపంతో,
మామయ్య
తా.క.: డాక్టరుగారికి పనిలేక నా నోట్లోకి చూస్తున్నారు.

మామయ్యా, ముందు కూర్చో.
కంపైలర్లో లూపులు పీకే ఆ భాగం రాసింది నేనే. నాలుగేళ్ళ కష్టం. నీ ఉత్తరాలు ఆఫీసులో చదివి వినిపించాను. మా మేనేజరమ్మ నవ్వాపుకోలేక బయటికెళ్ళి, తిరిగొచ్చి ఒక పని చెప్పింది. ఇకమీదట ఖాళీ లూపు తీసేసేముందు కంపైలర్ ఇలా చెప్తుంది: "ఆగడానికి రాశారా? అయితే గడియారం వాడండి." ఆఫీసులో దాన్ని అందరూ 'మామయ్య హెచ్చరిక' అంటున్నారు. సరిచేసిన ప్రోగ్రామ్ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.
నీ ముద్దుల మేనకోడలు
తా.క.: ఆ హెచ్చరికని మా సొంత ప్రోగ్రాముల మీదే పరీక్షించాం. మొట్టమొదట దొరికిపోయింది మేనేజరమ్మే. మూడుచోట్ల.