రష్యన్‌లో అడుగు

2017 నవంబర్ 28, కజాన్

పేరెంట్స్ మీటింగ్. ఇన్నాళ్లూ రష్యన్‌తో పాటు నేర్పిన మా తాతార్ భాష ఇక తప్పనిసరి కాదని, వద్దనుకునేవాళ్లు చెయ్యెత్తమని హెడ్ మేడమ్ అంది. మొదట లేచిన చెయ్యి నా కొడుకు ఇల్గమ్‌ది. వాడి కూతురు నేను తాతార్ చెప్పే ఈ స్కూల్లోనే మూడో క్లాసు. వాడు నావైపు చూడలేదు. తర్వాత గదంతా చేతులే.

సాయంత్రం

ఇల్గమ్ వచ్చాడు. పెద్ద పరీక్షలన్నీ రష్యన్‌లోనే కదమ్మా, నీ తాతార్ నమ్ముకుని నా కూతురు బజార్లో ఉల్లిపాయలు అమ్ముకోవాలా అన్నాడు. నిన్ను పెంచింది ఆ తాతార్ పాఠాల జీతమే రా అన్నాను. అందుకే నీ బాధంతా జీతం గురించే అన్నాడు. నేను మాంసం కూరి కాల్చిన ఎచ్‌పొచ్మాక్‌లు తిని, ఉప్పు తగ్గిందని చెప్పి వెళ్లాడు.

నవంబర్ 30

మా అవ్వ అరబిక్ లిపిలో రాసేది. అమ్మ బడికి వెళ్లేసరికి లాటిన్ పెట్టారు. అది చేతికి అలవాటయ్యేలోపు రష్యన్ రాసే సిరిలిక్‌కి మార్చారు. లిపి మారినా భాష మిగిలింది అనేది అమ్మ.

2018 జనవరి 15

రష్యన్ టీచర్‌గా ట్రైనింగ్ తీసుకో, లేదా ఇంట్లో కూర్చో అంది హెడ్ మేడమ్. తీసుకుంటాను అన్నాను. ఆలోచించుకోవడానికి టైమ్ కూడా అడగలేదు.

సెప్టెంబర్ 5

ఒకటో క్లాసు నాకిచ్చారు. పల్లె నుంచి కొత్తగా వచ్చిన అదిలా తన పేరును తాతార్ అక్షరాలతో రాసింది, వాళ్లమ్మ నేర్పిందట. అందులో ఒక అక్షరం రష్యన్‌లో లేదు. ఎర్ర పెన్నుతో దిద్దాను. అది నా పేరు కదా అపా అంది. ఇక్కడ తాతార్‌లో అక్కా అన్నట్టు అపా అనకూడదు, రష్యన్ టీచర్లను పిలిచినట్టు పిలవాలి అన్నాను.

సెప్టెంబర్ 12

క్లాసు చూడటానికి ఇన్‌స్పెక్టర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. అదిలా లేచి, బయటికి వెళ్లొస్తానని తాతార్‌లో అడిగింది. నాకు అర్థమైంది. అర్థం కాకపోవడమేమిటి, అది నా భాష. రష్యన్‌లో అడుగు అన్నాను. పాపకు ఆ మాట రాదు. మళ్లీ తాతార్‌లోనే, ఇంకా మెల్లగా అడిగింది. ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది. రష్యన్‌లో అన్నాను. పాప నిలబడే ఉంది. కాసేపటికి నేల తడిసింది. పిల్లలు నవ్వారు.

ఇన్‌స్పెక్టర్ వెళ్తూ, క్లాసు మంచి అదుపులో ఉంది అని మెచ్చుకుంది.

సెప్టెంబర్ 13

అదిలా వాళ్లమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. తప్పు మాదేనండీ, ఇంట్లో ఆ భాష మాట్లాడి పిల్లని పాడుచేశాం, ఇక మానేస్తాం అంది, తాతార్‌లో.

సెప్టెంబర్ 20

అదిలా పొద్దున లేచినప్పటి నుంచి బడి వదిలేదాకా నీళ్లు ముట్టడం లేదట.